బాతుపిల్ల పన్నెండో పేజీ

ఫిబ్రవరి 10

పనికి వెళ్ళాను. ఇరవై ఆరు రోజుల తర్వాత.

షెడ్డులో ఎవరూ ఏమీ అడగలేదు. అడగకుండా ఉండటానికి వాళ్ళు పడ్డ అవస్థ చూస్తే వాళ్ళ మీదే జాలేసింది. బెల్టు దగ్గర నా చోటు నాకే ఉంచారు, ఎడమ వైపు మూడోది. చెత్త వస్తూ ఉంటుంది, చేతులు ఏరుతూ ఉంటాయి. సీసాలు నీలం గంపలోకి, రేకు డబ్బాలు వెనక తొట్టిలోకి, కాగితాలు నా పక్కన వేలాడే రెండు సంచుల్లోకి. ఒకవైపే రాసినవి ఒక సంచి, రెండువైపులా రాసినవి ఇంకో సంచి. పద్నాలుగేళ్ళుగా ఇదే. బుర్రతో పని లేదు. అందుకే వెళ్ళాను.

ఈ డైరీ మా అమ్మడిది. అది పాఠాలు చెప్పే బడిలో టీచర్లకి ఇచ్చారు. జనవరి 9 వరకు దాని రాత. ఎవరు రాలేదు, ఎవరికి పెన్సిల్ లేదు, ఎవరు ఎవరిని గిల్లారు. తర్వాతంతా ఖాళీ. ఖాళీ కాగితాన్ని పారేయడం నాకు చేతకాదు. ఐదో తరగతితో ఆగిపోయిన చెయ్యి నాది, తప్పులుంటాయి. ఎవరు చూస్తారు గనక.

ఫిబ్రవరి 11

ఏమీ లేదు.

ఫిబ్రవరి 13

పుస్తకాలావిడ వచ్చింది. పిల్లల పుస్తకాలు అచ్చు వేసే మనిషి. అమ్మడు రాసిన బాతుపిల్ల పుస్తకం ఆమే వేస్తోంది. బొమ్మలన్నీ అయిపోయాయట. సంచిలోంచి తీసి బల్ల మీద వరసగా పరిచింది. మా ఆయన కుట్టు మిషను తొక్కడం ఆపి, దారాలు దులుపుకుని వచ్చి నిలబడ్డారు.

మొదటి పేజీ నాకు నోటికొచ్చు. వంట చేస్తుంటే వెనకాల నిలబడి వంద సార్లు చదివింది.

నీళ్ళలోన తేలుతోంది ఎర్ర ఎర్ర పట్టీ
బాతుపిల్ల తొడిగేసింది మెడను లోన పెట్టి
“చూడండహో, నా గొలుసు ఎంత బాగుందో!”
కప్ప తాత అన్నాడు: “తీస్తే వస్తుందో?”

ఆ పట్టీ నేనే తెచ్చి చూపించాను దానికి. నూనె డబ్బా మూత కింద ఉంటుందే, మూత తిప్పగానే తెగకుండా ఊడొచ్చే ప్లాస్టిక్ చుట్ట, అది. మా బెల్టు మీద రోజుకి వందలు. ఒకసారి చచ్చిన పక్షి మెడకి ఉండి వచ్చింది. ఇంటికొచ్చి చెప్పాను. ఊరికే చెప్పాను, పొద్దున్నుంచి పడ్డ బాధ చెప్పుకున్నట్టు. అది అన్నం ముందు కూర్చుని చాలాసేపు తినలేదు. మర్నాటికి ఈ నాలుగు లైన్లు రాసింది.

ఎనిమిదో పేజీలో బాతు పెద్దదైంది.

వానలొచ్చె, ఎండలొచ్చె, బాతు పెరిగింది
పట్టీ మాత్రం పెరగలేదు, మెడకు బిగిసింది

కొంగ వచ్చి పొడుస్తుంది, ఎలుక వచ్చి కొరుకుతుంది. ఊడదు. పదకొండో పేజీలో అమ్మబాతు వస్తుంది.

అమ్మబాతు పరుగున వచ్చి పట్టి లాగింది
లాగుతుంటే లాగుతుంటే ఇంకా బిగిసింది

అంతే. అక్కడితో ఆగిపోయింది.

“పన్నెండో పేజీ ఒక్కటే నా దగ్గర లేదమ్మా,” అంది పుస్తకాలావిడ.

“రాయలేదు,” అన్నాను.

“జ్వరం మొదలైన రెండో రోజు ఫోన్ చేసిందమ్మా. ‘ఆఖరి పేజీ అయిపోయింది మేడం, శుభ్రంగా రాసి పంపిస్తా’ అంది. బాతు ఏమైందో చెప్పవే అంటే నవ్వింది. ‘చదువుకోండి, ఇప్పుడే చెప్తే మజా ఏముంది’ అంది.”

“జ్వరంలో ఏదో అని ఉంటుందండీ.”

ఆయన నా వైపు చూడలేదు. ఆవిడ వైపే చూస్తూ, “రాశానంటే రాసే ఉంటుంది. ఇల్లు చిన్నది, ఎక్కడికి పోతుంది? నేను వెతుకుతాను,” అన్నారు.

ఫిబ్రవరి 14

రాయలేదు. రాసి ఉంటే నాకు చెప్పేది. నాకు చెప్పకుండా ఏదీ దాచుకునేది కాదు.

ఫిబ్రవరి 17

ఆయన వెతుకుతున్నారు. దర్జీ మనిషి వెతికితే ఎలా ఉంటుందో చూస్తున్నాను. ఒక్క చోటు వదలరు. మిషను కింది అర, కొలతల పుస్తకం, బట్ట కత్తిరించే ముందు పరిచే కాగితాల మధ్య. అమ్మడి దిండు కుట్లు విప్పి, దూదిలో చెయ్యి పెట్టి చూసి, మళ్ళీ అవే కన్నాల్లోంచి కుట్టారు. విప్పినట్టే తెలియదు.

“ఇక చాలు, కాస్త తినండి,” అన్నాను.

“ఆ బీరువా మీద అట్టపెట్టె చూశానా?”

“నిన్ననే చూశారు.”

“మళ్ళీ చూస్తా.”

ఫిబ్రవరి 20

షెడ్డులో నా పక్కన నిలబడేదాన్ని అందరం వార్తలక్క అంటాం. చేతికొచ్చిన ప్రతి కాగితమూ చదివి కానీ సంచిలో వెయ్యదు. ఎవరింట్లో ఎవరు పరీక్ష తప్పారో, ఎవరి ఆవిడ ఎవరికి ఉత్తరం రాసి చించేసిందో దానికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఇవాళ నన్ను ఎలాగైనా మాట్లాడించాలని పట్టుబట్టింది.

“ఇదిగో చెల్లీ, డాక్టరు చీటీ. కోడి గీరినట్టు రాశాడు మహానుభావుడు. మందులు కొన్నవాడు బతికాడంటావా?”

అప్పుడు దానికి గుర్తొచ్చింది, నా దగ్గర డాక్టరు మాట ఎత్తకూడదని. ఆ చీటీని ఉండచుట్టి వెనక్కి విసిరింది. కాసేపు గమ్మున ఏరింది. గమ్మున ఉండటం దానికి చేతనైతేగా.

“మీ అమ్మడికి ఎన్ని కాగితాలు మోశావే ఇక్కణ్ణుంచి! ఒకవైపు సంచిలో సగం మీ ఇంటికే వచ్చేది. మేస్త్రీ కళ్ళు మూసుకునేవాడు కాబట్టి సరిపోయింది.”

“ఊఁ.”

“అన్నీ అలాగే ఉన్నాయా, దాని రాతలు?”

“ఉన్నాయి,” అన్నాను.

ఎందుకన్నానో తెలియదు.

ఫిబ్రవరి 24

పుస్తకాలావిడ ఫోన్. మార్చి 21కి అచ్చుకి వెళ్ళాలట. అప్పటికి దొరక్కపోతే ఆఖరి పేజీ తనే రాసి వేస్తానంది. “ఇంతకంటే దారి లేదమ్మా,” అంది. సరేనన్నాను. సరే అనడం తేలిక.

ఫిబ్రవరి 26

ఆయన మిషను ముందు కూర్చుని ఉన్నట్టుండి అడిగారు.

“దాని గదిలో ఒక్క చిత్తుకాగితం కూడా లేదేంటి?”

బట్ట మడతపెడుతున్నాను. మడత పెట్టడం ఆపలేదు.

“నిన్నే అడుగుతున్నా. ఎప్పుడు చూసినా మంచం నిండా కాగితాలేగా దానికి. పుస్తకాలున్నాయి, పెన్నులున్నాయి, ఆ తల పగిలిన బొమ్మ కూడా ఉంది. కాగితాలేవి?”

“సర్దేశాను.”

“సర్ది?”

“సంచిలో వేసి చెత్తబండికి ఇచ్చాను. అది పోయిన తొమ్మిదో రోజు.”

ఆయన చేతిలో ఉన్న చొక్కా కాలరు అలాగే ఉంది, సూది గుచ్చి.

“చూసి ఇచ్చావా?”

“చూళ్ళేదు. ఒకవైపు ఎవరివో ఫారాలు, ఇంకోవైపు రాత. రెండువైపులా రాసిన కాగితం కనపడితే నా చేతులు ఆగవు. మీకు తెలుసుగా. చేతులు వాటంతటవే ఏరేశాయి.”

ఆయన తిట్టలేదు. “అయ్యో, పిచ్చిదానా,” అన్నారు. లేచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 27

నిజంగానే, చేతులు వాటంతటవే ఏరేశాయి. పద్నాలుగేళ్ళ అలవాటు. నిద్రలో కూడా ఏరతానని అమ్మడు నవ్వేది. నా తప్పు కాదు.

మార్చి 3

ఆయన షెడ్డుకి వచ్చారు. ఈ పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా గేటు దాటి లోపలికి రాని మనిషి. దుమ్ము పడదు ఆయనకి.

మేస్త్రీ తల గోక్కున్నాడు. “జనవరి సరుకులో చాలా కట్టలు మిల్లుకి వెళ్ళిపోయాయి సార్. లారీ చెడిపోయి ఒక పదకొండు కట్టలు మాత్రం ఆ మూల ఉండిపోయాయి. కానీ ఒక్కొక్కటీ మంచమంత ఉంటుంది. విప్పితే మళ్ళీ కట్టాలి.”

“నేనే విప్పుతాను. నేనే కడతాను,” అన్నారు ఆయన.

“మీ వల్ల కాదు సార్, అది మిషను కట్టేది.”

వార్తలక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “ఏం మేస్త్రీ, నీ సొంత కట్టలా? విప్పనీయ్. మళ్ళీ మేమే మిషన్లో వేస్తాంలే. ఈ మనిషి పిల్లది రాసిన కాగితం అందులో ఉంటే నీకు పుణ్యం రాదా?”

మేస్త్రీ బిక్కమొహం వేసి తీగ కత్తిరించే కటింగ్ ప్లేయరు తెచ్చిచ్చాడు.

ఆయన మొదటి కట్ట తీగలు తెంపారు. కాగితాలు ఉబ్బుకొచ్చి కూలిపోయాయి. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ తీసి, తిప్పి చూసి, పక్కన పెడుతున్నారు. ఒక్కొక్కటీ. మేమైతే గుప్పెడు గుప్పెడు చూస్తాం. భోజనాల గంట కొట్టాక వార్తలక్క, ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. ఏం వెతకాలో ఆయన చెప్పారు: “గుండ్రటి రాత. ‘త’ రాసేటప్పుడు తోక పొడుగ్గా లాగుతుంది.” ఎప్పుడు చూశారో అంత జాగ్రత్తగా.

నేను బెల్టు దగ్గర నిలబడి ఉన్నాను. వెళ్ళలేదు.

“ఏం చెల్లీ, నువ్వు రావా?” అంది వార్తలక్క.

“కళ్ళు తిరుగుతున్నాయి,” అన్నాను.

సాయంత్రానికి మూడు కట్టలయ్యాయి. తీగ తగిలి ఆయన కుడిచేతి వేలు తెగింది. సూది పట్టుకునే వేలు. నెత్తి మీద, కనురెప్పల మీద దుమ్ము. దగ్గుకుంటూ బయటికి వచ్చి, “ఇంకా ఎనిమిదున్నాయి,” అన్నారు, ఏదో మంచి కబురు చెప్తున్నట్టు.

మార్చి 5

ఇవాళ ఇంకో నాలుగు.

కట్టల్లోకి పెద్ద కాగితాలే వెళ్తాయి. చిన్న ముక్కలు మేం ఏరం, అవి బెల్టు సందుల్లోంచి కిందికి రాలి మట్టిచెత్తలో కలిసిపోతాయి. ఆ సంగతి ఆయనకి తెలియదు. వార్తలక్కకి తెలుసు, కానీ ముక్కలని దానికి ఎవరు చెప్పారు?

మార్చి 6

మిగిలిన నాలుగూ అయ్యాయి. దొరకలేదు.

మార్చి 7

ఒంట్లో బాగోలేదని పనికి వెళ్ళలేదు. బాగానే ఉంది ఒంట్లో.

మార్చి 10

పుస్తకాలావిడ తను రాసిన ఆఖరి పేజీ పంపింది. ఆయన పైకి చదివారు.

మంచి మనుషులొచ్చి బాతుని కాపాడారండి
చెత్తనంతా చెత్తబుట్టలోనే వేయండి

“ఎవరీ మంచి మనుషులు?” అన్నారు ఆయన. “పదకొండు పేజీలు ఎక్కడున్నారు? పన్నెండో పేజీలో ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారు?”

“పోనీండి. పిల్లల పుస్తకమేగా.”

“అమ్మడు ఇలా రాయదు.”

“రాయదు. రాయడానికి లేదు కూడా. ఎవరి మాటైతే ఏంటి, దాని పేరుతో పుస్తకం వస్తుంది, అది చాలు మనకి.”

ఆయన ఆ కాగితాన్ని రెండు మడతలు పెట్టి మిషను అరలో పడేశారు. “నీకెలా చాలిందో నాకు అర్థం కావట్లేదు,” అన్నారు.

షెడ్డులో వార్తలక్కకి చెప్పాను ఈ లైన్లు. “చెత్తబుట్టలో వేస్తే ఇక మాయమైపోతుందనుకుంటారు కాబోలు,” అంది, “మన మొహాన పడుతుందని చెప్పు ఆవిడకి.” చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. వెంటనే పోయింది.

మార్చి 12

రేపు అమ్మడి బడికి రమ్మన్నారు. దాని తరగతి పిల్లలకి ఆ పదకొండు పేజీలూ ఈ కొత్త పేజీ కలిపి చదివి వినిపిస్తుందట పుస్తకాలావిడ. వెళ్ళనన్నాను. ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తున్నారు. నా చీర కూడా చేశారు.

మార్చి 13

ఇవాళ జరిగింది రాస్తాను. మొత్తం రాస్తాను.

ఒకటో తరగతి. గోడ నిండా పిల్లలు వేసిన బొమ్మలు. బల్లలు మోకాలంత ఎత్తు. నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు, ఆయన కూర్చోనని గుమ్మం దగ్గరే నిలబడ్డారు. కొత్త టీచరు, “మీ టీచర్ వాళ్ళ అమ్మగారు వచ్చారు, నమస్తే చెప్పండి,” అంది. చెప్పారు. ఒకడైతే రెండు సార్లు చెప్పాడు.

పుస్తకాలావిడ మొదటి లైను చదవగానే క్లాసంతా అందుకుంది. పదకొండు పేజీలూ వాళ్ళే చెప్పారు, ఆవిడ పేజీలు తిప్పడమే. ఏ చోట ఆపాలో, ఏ చోట గొంతు పెంచాలో అచ్చం అమ్మడిలాగే. కప్ప తాత మాట వచ్చేసరికి అందరూ గొంతు బొంగురు చేశారు. అది కూడా దాని పనే అయి ఉంటుంది. నేను నేల వైపు చూస్తూ కూర్చున్నాను.

“లాగుతుంటే లాగుతుంటే ఇంకా బిగిసింది,” అని అరిచి ఆగిపోయారు.

ఆవిడ పన్నెండో పేజీ తిప్పింది. “ఇప్పుడు బాతు ఏమైందో తెలుసా?”

“తెలుసు. చచ్చిపోయింది,” అంది ముందు బల్లలోని పిల్ల. ముందు పళ్ళు రెండూ లేవు, మాట్లాడుతుంటే గాలి పోతోంది.

“అయ్యో, లేదమ్మా, మంచి మనుషులు వచ్చి…”

“లేదు, చచ్చిపోయింది. మేం బొమ్మ కూడా వేశాం.” లేచి వెళ్ళి గోడ మీద చూపించింది. నీలం రంగు నీళ్ళు, నీళ్ళ మీద పడుకున్న బాతు, కళ్ళ చోట రెండు గుణకారం గుర్తులు. పక్కన ఇంకో బొమ్మ, అదే బాతు. ఇంకోటి. గోడంతా అదే. నేను అప్పటిదాకా చూడలేదు.

“టీచర్ రేపు చెప్తా అని వెళ్ళి చచ్చిపోయింది కదా,” అంది ఆ పిల్ల, లెక్క చెప్తున్నట్టు. “ఇంక బాతు పట్టీ ఎవరు తీస్తారు? ఎవరికీ తెలీదు. అందుకని అది కూడా చచ్చిపోయింది.”

కొత్త టీచరు గబగబా దాని దగ్గరికి వచ్చింది. “కూర్చో అమ్మా, కూర్చో,” అంటోంది. పుస్తకాలావిడ చేతిలో కాగితం అలాగే ఉంది.

“బతికింది,” అన్నాను.

నా గొంతే. నేనే అన్నాను.

ఆ పిల్ల నా వైపు తిరిగింది. “నీకెలా తెలుసు?”

“చదివాను.”

“టీచర్ రాసిందా?”

“రాసింది.”

“ఎవరు తీశారు మరి?”

“పీత.”

“పీతా!” అని క్లాసంతా గొల్లున నవ్వింది. వెనక బల్లలో ఎవరో వేళ్ళతో గిచ్చి చూపించారు, పక్కవాడు కెవ్వుమన్నాడు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడింది. “మొత్తం చెప్పు,” అంది.

గుమ్మం వైపు చూడలేదు. చూస్తే చెప్పలేను. చెప్పాను.

పీత వచ్చి “కదలకమ్మా, కాసేపాగు” అంది
కత్తెర చెయ్యి మెల్లగ పెట్టి కటుక్కుమనిపించింది
బాతుపిల్ల మెడను సాచి గాలి పీల్చింది
అమ్మ రెక్క కింద దూరి మళ్ళీ చిన్నదైంది

“ఇంకోసారి,” అంది ఆ పిల్ల. మూడు సార్లు చెప్పించారు. మూడోసారికి నేను ఆగినా వాళ్ళు ఆగలేదు.

గుమ్మం దగ్గర ఆయన లేరు.

వీధి మలుపులో అందుకున్నాను. ఆగారు కానీ తిరగలేదు.

“ఎప్పుడు చదివావు?”

“సర్దిన రోజు.”

“చూళ్ళేదన్నావు.”

“చూశాను. చదివాను. చదివి చించాను.”

“నేను అక్కడ కట్టలు విప్పుతుంటే…”

“అక్కడే ఉన్నాను.”

“ఉన్నావు,” అన్నారు. తర్వాత నడిచారు. నేను వెనకాల నడిచాను. ఇంటిదాకా ఇద్దరి మధ్యా ఒక బండి పట్టేంత దూరం.

మార్చి 14

చేతులు వాటంతటవే ఏమీ చేయలేదు. ఇన్నాళ్ళూ ఇక్కడ కూడా అబద్ధమే రాశాను. ఎవరు చూస్తారని భయపడ్డానో.

ఆ రోజు దాని మంచం మీద కూర్చుని ఏరుతున్నాను. ఒక కాగితం మీద పైన 12 అని వేసి చుట్టూ గుండ్రంగా గీసింది. అడుగున బాతు బొమ్మ, తన చేత్తో గీసిన వంకర బాతు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను, అది నేర్పినట్టే, వేలు పెట్టి.

పదకొండో పేజీ జ్వరానికి ముందే రాసింది. నాకు తెలుసు. తెలిసినా ఆ లాగిన అమ్మబాతు నేనే అనుకున్నాను. జ్వరం వచ్చిన మూడో రోజు ఆసుపత్రికి వెళ్దామని ఆయన అన్నారు. మాత్రలు పనిచేస్తున్నాయి, ఇంకొక్క రోజు చూద్దాం అన్నది నేను. ఆ ఇంకొక్క రోజు రెండు రోజులైంది. కాగితాలు దాని చేతుల్లోంచి లాగేసి, దుప్పటి మెడదాకా కప్పి, పడుకోవే అని కసిరింది కూడా నేనే.

ఇక పీత ఎవరో నాకు అర్థం కాకుండా ఉంటుందా. ఆయన ఎన్ని గౌన్లు కుట్టారు అమ్మడికి. గడ్డం కింద దారం తెంపేటప్పుడు ప్రతిసారీ అదే మాట, “కదలకమ్మా, కాసేపాగు.” పెద్దయ్యి ఉద్యోగం చేస్తున్నా అదే మాట. కత్తెర మెడ దగ్గరికి వస్తుంటే అది కళ్ళు మూసుకుని నిలబడేది, ఊపిరి బిగబట్టి.

నేను లాగి బిగించాను. ఆయన విడిపించారు. అలా చదువుకున్నాను నేను. అది కూడా కాదు అసలు సంగతి. నాలుగో లైను. అమ్మ రెక్క కిందికి వెళ్ళింది బాతు. కాగితం మీది బాతు బతికి, అమ్మ దగ్గరికి వెళ్ళింది. నా పిల్ల రాలేదు. ఒక బాతుని చూసి కుళ్ళుకున్నాను. ఆ కోపంతోనే కాగితం చించాను. గోరంత గోరంత ముక్కలు చేశాను. ఎంత చిన్న ముక్క ఎవరి చేతికీ చిక్కదో నాకంటే బాగా ఎవరికి తెలుసు.

ఆ నాలుగు లైన్లని మాత్రం చించలేకపోయాను లోపల. పాడుతున్నట్టు ఉంటుందిగా, ఒక్కసారి చదివితే అంటుకుపోయింది. బెల్టు కదులుతుంటే దాని తాళానికే నడుస్తుంది. ఆయన కట్టల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నప్పుడు కూడా నాలో నడుస్తూనే ఉంది.

మార్చి 15

మాట్లాడలేదు.

మార్చి 16

మాట్లాడలేదు. కంచం పెడితే తింటున్నారు. మిషను పొద్దున్నుంచీ ఆగలేదు.

మార్చి 17

వార్తలక్కకి చెప్పేశాను, బెల్టు దగ్గరే. ఏరడం ఆపేసింది. సీసాలు, డబ్బాలు దాని ముందు నుంచి అలాగే వెళ్ళిపోతున్నాయి. “ఓయ్, నిద్రపోతున్నావా?” అని మేస్త్రీ అరిచాడు.

“నాకు చెప్పొచ్చు కదే,” అంది చివరికి. “ఏడు గంటలు దుమ్ములో దొర్లించావు నన్ను.”

“చెప్పలేకపోయాను అక్కా.”

“ఆ మనిషికి వేలు కూడా తెగింది.”

“ఊఁ.”

“తిట్టాడా?”

“లేదు.”

“తిడితే బాగుణ్ణు,” అంది. మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది. ఆ తర్వాత రోజంతా ఒక్క కాగితం కూడా చదవలేదు.

మార్చి 18

నేను గిన్నెలు కడుగుతున్నాను. మిషను ఆగింది.

“అది నన్ను పీతని చేసిందా?”

ఐదు రోజుల తర్వాత మొదటి మాట ఇది. “అలాగే ఉంది,” అన్నాను.

“ఎన్ని జంతువులు లేవు. పీతేంటి.”

“మీరు పక్కకి నడుస్తారుగా, గుడ్డ ముక్కలు తొక్కకుండా.”

ఆయనకి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు, ఆ రెండింటి మధ్య ఏదో వచ్చింది. తెగిన వేలిని బొటనవేలితో రుద్దుకుంటున్నారు.

“దాని రాతలో చూసి ఉండేవాణ్ణి,” అన్నారు. “అది గీసిన బాతుని చూసి ఉండేవాణ్ణి. నువ్వు చూశావు. నాకు లేకుండా చేశావు.”

“అవును.”

“దానికి నేను నిన్ను క్షమించలేనేమో. తెలియట్లేదు. ఇప్పుడైతే లేదు.”

“సరే.”

చాలాసేపు కుళాయి కింద నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కట్టడం మర్చిపోయాను.

“చెప్పు మళ్ళీ,” అన్నారు. “మెల్లగా చెప్పు. రాసుకుంటాను.”

కొలతల పుస్తకం తీసి, చెవి వెనక నుంచి సుద్దముక్క తీసి, అది కాదని పెన్సిల్ కోసం వెతుక్కున్నారు. చెప్పాను. ఆయన కొలతలు రాసుకున్నంత జాగ్రత్తగా రాసుకున్నారు. ‘త’ వచ్చిన చోటల్లా తోక పొడుగ్గా లాగారు.

మార్చి 20

పుస్తకాలావిడ వచ్చింది. తను రాసిన లైన్లు తనే కొట్టేసింది. “నాకే నచ్చలేదమ్మా, చెప్పడానికి మొహం చెల్లలేదు,” అంది. పీత బొమ్మ రాత్రికి వచ్చేస్తుందట, రేపు అచ్చు. బడిలో పిల్లలు గోడ మీది బొమ్మలు తీసేయలేదట. కళ్ళ మీది గుణకారాలు రుద్ది, పైన కళ్ళు వేస్తున్నారట. కాగితాలు చిరిగిపోతున్నాయని కొత్త టీచరు గోల.

కొలతల పుస్తకం చూసి నాలుగు లైన్లూ ఎక్కించుకుంది. పెన్నుకి మూత పెట్టబోతూ ఆగింది.

“అమ్మా, ఒక్క మాట అడగాలి, తప్పుగా అనుకోకండి. పుస్తకం మీద ఉండేది ఆమె పేరు. ఇవన్నీ ఆమె మాటలేనా? ఒకటీ అరా గుర్తు లేకపోతే చెప్పండి, పర్వాలేదు.”

ఆయన మిషను మీంచి తల ఎత్తి నన్ను చూశారు.

“అన్నీ దానివే,” అన్నాను.

ఆవిడ వెళ్ళిపోయింది. ఆయన మళ్ళీ తల దించుకున్నారు. ఏమీ అడగలేదు.

ఆ నాలుగు లైన్లలో ఒక మాట నాకు మొదటి నుంచీ గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా అక్కడ ఖాళీగానే ఉండేది. ఆ రోజు క్లాసులో, ఆ పళ్ళు లేని పిల్ల నా మోకాలు పట్టుకుని నోట్లోకి చూస్తుంటే, ఆ ఖాళీలో ఒక మాట వచ్చి కూర్చుంది. నాదే. తాళం తప్పలేదు, ఎవరికీ తెలియలేదు. రేపు అదే అచ్చవుతుంది.

అది ఏ మాటో ఇక్కడ రాయను. రాస్తే, ఎప్పుడో మళ్ళీ చదివి, దాన్ని అమ్మడి మాటల్లోంచి ఏరి పక్కన పెట్టేస్తాను.